డైస్ చప్పుడు వినబడేంత సంగీతం

మూడేళ్ల క్రితం ఒక ఆదివారం రాత్రి, బల్ల చుట్టూ కూర్చుని డైస్ వేస్తూ మాటలతో కథ నడిపే మా ఆటలో దాదాపు ఏడాది పాటు అందరి అభిమానం చూరగొన్న పాత్ర, ఒక ముసలి పడవవాడు, నది ఒడ్డున కొన ఊపిరితో ఉన్నాడు. అతన్ని కాపాడలేకపోయిన దొంగ పాత్రను ఆడుతున్న మిత్రుడు డైస్‌ను గుప్పిట్లోనే పట్టుకుని, ఏం మాట్లాడాలో తోచక కూర్చున్నాడు. ఆ ఘట్టం కోసమే నేను ఎంచి పెట్టుకున్న శుభపంతువరాళి రాగపు వయొలిన్ ఆలాపన ల్యాప్‌టాప్ నుంచి వినిపిస్తోంది. పడవవాడు చివరి మాట చెప్పబోతుండగా ఆ ఆలాపన తెగిపోయి, బట్టల సబ్బు ప్రకటన ఒకటి గది దద్దరిల్లేలా మోగింది. డబ్బు కట్టని ఖాతాలో సంగీతం పెడితే మధ్యలో ప్రకటనలు వస్తాయన్న సంగతి నాకు తెలియనిది కాదు, కానీ కథలో మునిగి ఆ సంగతే మరచిపోయాను. అందరం కడుపు చెక్కలయ్యేలా నవ్వాం, పడవవాడు ఆ నవ్వుల మధ్యనే కన్నుమూశాడు, ఆ సన్నివేశాన్ని మళ్లీ నిలబెట్టడం నా వల్ల కాలేదు.

మా సెషన్లను ఫోనులో రికార్డు చేసుకునే అలవాటు మాకుంది. మరునాడు ఆ రికార్డింగు విన్నప్పుడు నాకు తెలిసిన విషయం వేరు. సన్నివేశాన్ని చెడగొట్టింది ప్రకటన కాదు; ప్రకటన రావడానికి నాలుగు నిమిషాల ముందే అది చెడిపోయింది. వయొలిన్ పైషడ్జం, అంటే పై స్థాయి స, దగ్గరికి వెళ్లినప్పుడల్లా నేను నాకు తెలియకుండానే గొంతు పెంచుతున్నాను, చావుబతుకుల్లో ఉన్న ముసలివాడు గుసగుసలాడవలసింది పోయి ఉపన్యాసం ఇస్తున్నట్టు మాట్లాడుతున్నాడు. ఆటగాళ్లలో ఇద్దరైతే నన్ను వదిలేసి ఆ ఆలాపననే వింటున్నారని వారి నిట్టూర్పులను బట్టే తెలిసిపోయింది. ప్రకటన వచ్చి నా పరువు కాపాడిందని ఇప్పుడు అనుకుంటాను.

ఈ ఆటతో పరిచయం లేనివారి కోసం రెండు మాటలు చెప్పి ముందుకు వెళతాను. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి 1974లో వెలువరించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో మొదలైన ఈ టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో, డంజన్ మాస్టర్ అనే ఒక వ్యక్తి లోకాన్ని వర్ణిస్తాడు, మిగిలినవారు తమ తమ పాత్రలు ఏం చేస్తాయో చెబుతారు, ఫలితం సందేహంగా ఉన్న చోట ఇరవై ముఖాల డైస్ తీర్పు చెబుతుంది. మా బృందం హైదరాబాదులో రెండు వారాలకొకసారి కూర్చుంటుంది. నేను డంజన్ మాస్టర్‌ని. ఆటగాళ్లు ఐదుగురు, వారిలో ఒకరు అమెరికాలోని డాలస్ నుంచి డిస్కార్డ్ అనే ఇంటర్నెట్ మాటల యాప్ ద్వారా చేరతారు. మాకు రాత్రి ఎనిమిదైతే వేసవిలో అక్కడ ఉదయం తొమ్మిదిన్నర, కాబట్టి మేము మిరపకాయ బజ్జీలు తింటుండగా ఆయన కాఫీ తాగుతూ రాక్షసులతో పోరాడతాడు. ఆట తెలుగులోనే సాగుతుంది, నియమాల పేర్లు మాత్రం ఇంగ్లీషులో దొర్లుతుంటాయి. ఇక్కడ ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఈ ఆటలో కంటికి కనబడేది చాలా తక్కువ, ఉన్నదంతా మాటే. సినిమాలో నేపథ్య సంగీతానికి బొమ్మ తోడుంటుంది. ఇక్కడ మాటకూ సంగీతానికీ మధ్య అడ్డుగా గానీ వంతెనగా గానీ ఇంకేమీ లేదు.

అందువల్ల ఇప్పుడు నేను ఒక ధ్వనిని ఎంచుకునే ముందు, ఇది ఎంత బాగుందని కాక, ఇది మాటకు ఏం హాని చేయగలదని చూస్తాను. మనిషి మాటలో హల్లులను వేరుచేసి గుర్తుపట్టడానికి తోడ్పడే ధ్వని సుమారు వెయ్యి నుంచి నాలుగు వేల హెర్ట్జ్‌ల మధ్య ఎక్కువగా ఉంటుంది. ఆ పట్టీలో మెరిసే వాద్యాలు, ముఖ్యంగా ఒంటరిగా పలికే వేణువు, వయొలిన్, మాటతో పోటీకి దిగుతాయి. పైగా ఒంటరి వాద్యం పలికే ఆలాపన అచ్చంగా గాయకుడి గొంతులాగే ఊపిరి తీసుకుంటుంది, వాక్యం కడుతుంది, ముగిస్తుంది. ఇద్దరు మాట్లాడుతుంటే చెవి ఎవరో ఒకరి వైపే మొగ్గుతుంది. అందుకే నా దగ్గర ఇప్పుడు మిగిలినవి ఎక్కువగా కింది స్థాయి నాదాలు, మెత్తని తాళవాద్యాలు, రాగమంటూ ప్రత్యేకంగా వినబడని పొరలు.

పాటలో మాటలుంటే సమస్య ఇంకా పెద్దది. తెలియని భాషలో పాడితే ఫరవాలేదని నేనూ చాలాకాలం అనుకున్నాను, లాటిన్ బృందగానాలు తెగ వాడాను. కానీ 1976లో కోల్, వెల్ష్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రచురించిన ప్రయోగంలో, వెనుక జర్మన్ వచనం చదువుతుంటే ఆ భాష రానివారికి కూడా, ముందున్న అక్షరాల వరుసను గుర్తుపెట్టుకోవడం కష్టమైంది. అర్థం తెలియకపోయినా మాట మాటే. మెదడు దాన్ని లోపలికి రానిస్తుంది. గుహలో మూడు దారులున్నాయి, ఎడమ దారిలో నీటి చప్పుడు, కుడి దారిలో పొగ వాసన అని నేను చెబుతున్నప్పుడు ఆటగాడు గుర్తుపెట్టుకోవలసింది సరిగ్గా అటువంటి వరుసనే. బృందగానం ఆపేసిన తరవాత “మళ్లీ చెప్పు, ఎడమవైపు ఏముందన్నావు” అనే ప్రశ్న మా బల్ల దగ్గర స్పష్టంగా తగ్గింది.

శబ్దం ఎంత ఉండాలన్నది ఏ రాగం ఉండాలన్న దానికంటే పెద్ద ప్రశ్న. చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఎతియెన్ లొంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లోనే రాశాడు. పడవవాడి ఉపన్యాసానికి కారణం అదే. ఇంట్లో బల్ల చుట్టూ మామూలుగా మాట్లాడుకునే మాట అరవై డెసిబెల్స్ ప్రాంతంలో ఉంటుంది కాబట్టి, నేను ఫోనులోని కొలత యాప్‌ను బల్ల మధ్యలో పెట్టి సంగీతం నలభై అయిదు దాటకుండా చూసుకుంటాను. శాస్త్రీయమైన కొలత కాదనుకోండి, కానీ చెవి అలవాటు పడి మోసపోయే చోట ఒక అంకె ఉండటం మంచిది. మే నెలలో కూలర్ తిరుగుతున్నప్పుడు ఈ లెక్కంతా తలకిందులవుతుంది. కూలర్ హోరు మీద వినబడేలా సంగీతం పెడితే దాని మీద వినబడేలా మనిషి మాట్లాడాలి, చివరికి బల్ల చుట్టూ చేపల బజారు తయారవుతుంది. వేసవిలో మేము కథను ఎడారికో సముద్రానికో మళ్లిస్తాం. కూలర్ హోరు గాలిగా, అలగా పనికొస్తుంది. ఇది హాస్యానికి చెప్పడం లేదు, వరసగా రెండు వేసవులు అలాగే గడిపాం.

నేపథ్యంగా ఉండటానికే పుట్టిన సంగీతం అనే ఆలోచన ఈ ఆటల కంటే చాలా పాతది. ఎరిక్ సతీ అనే ఫ్రెంచి స్వరకర్త తన రచనలు కొన్నింటికి ఇంటి సామాను వంటి సంగీతమని పేరు పెట్టి, 1920లో పారిస్‌లో ఒక నాటక విరామంలో వాటిని వాయింపించాడు. సంగీతం మొదలవగానే జనం మాటలు ఆపి, మర్యాదగా కూర్చుని వినసాగారట. సతీ వారి మధ్య తిరుగుతూ మాట్లాడుకోండి, తిరగండి, వినకండి అని బతిమాలుకోవలసి వచ్చిందని అక్కడే ఉన్న ఆయన మిత్రుడు దర్యూ మియో చెప్పాడు. నా బల్ల దగ్గర సమస్య కూడా అదే. ఒక ధ్వని కుర్చీలాగా, చాపలాగా ఉండాలంటే అది ఎంతో కొంత విసుగు పుట్టించేదిగానే ఉండాలి, విడిగా వింటే మంచి సంగీతమని ఎవరూ మెచ్చుకోనిదిగా ఉండాలి. ఈ ఆట కోసమే చేసిన సంగీతం కూడా లేకపోలేదు. మిడ్‌నైట్ సిండికేట్ అనే బృందం 2003లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ పేరుతోనే అధికారికంగా ఒక ఆల్బం విడుదల చేసింది. అందులోని వాద్యబృందపు హోరు బాగుంటుంది, నేను అప్పుడప్పుడు వాడతాను, కానీ అది ప్రతి తలుపు వెనుకా ఏదో ఉందని చెబుతూనే ఉంటుంది. నా కథల్లో సగం తలుపుల వెనుక ఏమీ ఉండదు.

అందరికీ తెలిసిన సంగీతం తెచ్చే చిక్కు ఇంకొకటి ఉంది. పేరున్న సినిమా నేపథ్యం ఒక్క క్షణం వినబడినా ఆటగాళ్లు నా అడవిలోంచి ఆ సినిమాలోకి వెళ్లిపోతారు, ఒకరు వెంటనే ఆ సినిమా డైలాగు కూడా చెబుతారు, దాన్ని ఆపే శక్తి ఏ డంజన్ మాస్టర్‌కూ లేదు. వీడియో గేముల సంగీతానిదీ ఇదే కథ. విదేశీ బృందాలు సూచించే ప్లేలిస్టులలో అత్యధికం ఇటువంటివే, కాబట్టి వాటిని నేను పక్కన పెట్టాను. అయితే మన చెవులకు ఇంకా లోతైన గుర్తులున్నాయని నాకు ఆలస్యంగా తెలిసింది. ఒకసారి తెల్లవారుజామున కొండ దిగుతున్న సన్నివేశానికి తంబూరా మీద సన్నని వయొలిన్ ఉన్న ఒక ముక్క పెట్టాను. మా అందరిలోనూ పెద్దవారైన సభ్యులొకరు నవ్వి, “ఇప్పుడు వార్తలు చదువుతారా?” అన్నారు. వాల్టర్ కౌఫ్‌మన్ అనే యూదు శరణార్థి 1936లో చేసిన ఆకాశవాణి పరిచయ వాద్యం కూడా తంబూరా, వయొలిన్‌లతోనే ఉంటుంది, అది వింటూ నిద్రలేచిన తరానికి ఆ కలయిక వినబడితే గుర్తొచ్చేది కొండ కాదు, వంటింట్లో రేడియో.

ఇటువంటి గుర్తులు తప్పించుకోలేనివి కాబట్టి ఒకసారి వాటిని కావాలనే వాడుకున్నాను. మా కథలో గాబ్లిన్లు అనే పొట్టి రాక్షసుల పెళ్లి ఒకటి జరిగింది. ఆటగాళ్లు వధువును ఎత్తుకుపోవడానికి మారువేషంలో వచ్చిన కిరాయి యోధులు, వారికి తెలియవలసింది ఒక్కటే, ముహూర్తం ఎప్పుడన్నది. నేను గాబ్లిన్ల ఆచారాలేవీ వివరించలేదు. నాదస్వరం మెల్లగా వాయిస్తూ ఉంచి, సరైన క్షణంలో గట్టిమేళం పెట్టాను. ఏ ఒక్కరికీ వివరణ అక్కరలేకపోయింది. మాంత్రికురాలి పాత్ర ఆడే మా చెల్లెలు అలవాటుగా అక్షింతలు వేస్తున్నట్టు చేయి లేపింది, ఆ తరవాతే దాడి చేయాలని గుర్తొచ్చి కేక పెట్టింది. ఇదే ధ్వనిని మరే దేశపు ఆటగాళ్ల ముందు పెట్టినా అది పెద్ద చప్పుడుగా మాత్రమే మిగిలేది.

పోరాట సంగీతం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కొత్త డంజన్ మాస్టర్లు అందరూ ముందుగా వెతికేది దానినే, అందరినీ ముందుగా మోసం చేసేదీ అదే. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదవ కూర్పు నియమాల ప్రకారం పోరాటంలో ఒక రౌండు అంటే కథలో ఆరు సెకన్లు. ఐదుగురు వీరులూ ఆరుగురు గాబ్లిన్లూ నాలుగు రౌండ్లు కొట్టుకుంటే కథలో ఇరవై నాలుగు సెకన్లు గడుస్తాయి. మా ఇంట్లో మాత్రం యాభై నిమిషాలు పడుతుంది, ఎందుకంటే ప్రతి ఒక్కరూ తమ వంతు వచ్చాకే తమ మంత్రాల జాబితా మొదటిసారి చూస్తున్నట్టు చదవడం మొదలుపెడతారు. మూడు నిమిషాల యుద్ధభేరిని లూపులో పెడితే అది పదహారు పదిహేడు సార్లు మోగుతుంది. అయిదో సారికి అది ఉత్సాహం కాదు, తలనొప్పి. అంతకంటే పెద్ద నష్టం ఏమిటంటే, ఒకరు “ఈ మంత్రం పరిధి ఎంత?” అని తీరిగ్గా పుస్తకం తిరగేస్తుండగా వెనుక సైన్యాలు ఢీకొంటున్నట్టు వినిపిస్తే, ఆ రెంటి మధ్య దూరం మొత్తం పోరాటాన్నే నవ్వులపాలు చేస్తుంది.

నేను చాలా తంటాలు పడి కనుక్కున్న దారి ఇది. ఇనిషియేటివ్ డైస్ వేయమన్నప్పుడు, అంటే ఎవరి వంతు ఎప్పుడో తేలే ఆ ఒకటి రెండు నిమిషాల్లో మాత్రమే పెద్ద భేరి మోగుతుంది. మొదటి వంతు మొదలవగానే అది తగ్గిపోయి, గుండె చప్పుడు వేగంతో ఒకే ఒక తక్కువ స్థాయి డప్పు దెబ్బ మిగులుతుంది, దానిలో రాగం లేదు కాబట్టి ఎంతసేపు మోగినా మొదలూ చివరా తెలియవు. ఎవరైనా వీరుడు సున్నా హిట్ పాయింట్లకు, అంటే ప్రాణబలం అయిపోయే స్థితికి, పడిపోతే అది కూడా ఆపేస్తాను. చావు తప్పించుకునే డైస్ నిశ్శబ్దంలో చెక్క బల్ల మీద దొర్లుతున్నప్పుడు వినబడే ఆ టకటక కంటే ఉత్కంఠ కలిగించే సంగీతం నేను ఎక్కడా వెతికి తేలేకపోయాను. భయానక ఆటల్లో ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. 1981లో వచ్చిన కాల్ ఆఫ్ కథుల్హు ఆటను మేము రెండుసార్లు ఆడాం, రెండోసారి సంగీతమే పెట్టలేదు, ఫ్యాను కూడా ఆపాం. డ్రెడ్ అనే ఆటలో అసలు డైస్ ఉండదు, జెంగా చెక్క ముక్కల గోపురంలోంచి ఒక్కొక్కటి లాగాలి, గోపురం కూలితే పాత్ర పోతుంది. అక్కడ నేపథ్య సంగీతం పెట్టేవారు ఎవరో గానీ, వేలి కింద చెక్క రాసుకునే చప్పుడును వారు పోగొట్టుకుంటున్నారు.

అన్ని ధ్వనులూ కొనవలసిన పని లేదు. తంబూరా శ్రుతిని సగం వేగానికి తగ్గిస్తే అది ఒక స్థాయి కిందికి దిగుతుంది, కచేరీ గుర్తుకు రాదు, భూమి లోపల ఏదో నిద్రపోతున్నట్టు ఉంటుంది. మా గుహలన్నీ ఆ శ్రుతి మీదే నడుస్తాయి, అది ఎప్పటికీ ముగియదన్నది దాని గొప్ప గుణం. నాదస్వరాన్ని అలాగే తగ్గిస్తే రాక్షసుల కొమ్ముబూర అవుతుంది. వర్షం కోసం మా అమ్మమ్మగారి ఊళ్లో రేకుల షెడ్డు కింద ఫోను పెట్టి గంటసేపు రికార్డు చేశాను, చెరువు గట్టు మీద కప్పల మోత ఇంకో అరగంట. కప్పల రికార్డింగులో ఎక్కడో దూరంగా రైలు కూత ఉందని నేను గమనించలేదు. మా మిత్రుడు దాన్ని పట్టుకుని, ఈ రాజ్యంలో రైళ్లున్నాయా అని అడిగి, లేవని నేనెంత చెప్పినా వినకుండా, ఆ కూత పెట్టిన మృగం కోసం రెండు సెషన్లు వెతికాడు. చివరికి ఒక మృగాన్ని సృష్టించక తప్పలేదు.

రెడీమేడ్ ధ్వనుల్లో టేబుల్‌టాప్ ఆడియో అనే సైటు పది నిమిషాల నిడివి గల వాతావరణాలను ఇస్తుంది, అంత నిడివి ఉంటే లూపు అతుకు తెలియదు. సిరిన్‌స్కేప్ అనే యాప్‌లో వాన, గుంపు, కత్తులు వేటికవి విడిగా పెంచి తగ్గించుకోవచ్చు, కానీ ఆ మీటలతో ఆడుకుంటూ కథ చెప్పడం మరచిపోయే ప్రమాదం నా వంటివాడికి ఉంది. డాలస్ మిత్రుడికి వినిపించడం మాత్రం వేరే తలనొప్పి. గదిలో స్పీకరు చప్పుడును మైకు ద్వారా పంపితే డిస్కార్డ్‌లోని రణగొణ నివారణ ఏర్పాటు సంగీతాన్ని చెత్తగా లెక్కగట్టి కోసేస్తుంది. అంతకుముందు చాలా బృందాలు వాడుకున్న గ్రూవీ, రిథమ్ అనే బాట్లు, అంటే డిస్కార్డ్‌లో పాటలు వినిపించే ప్రోగ్రాములు, యూట్యూబ్ అభ్యంతరాల వల్ల 2021లో ఆగిపోయాయి. ఇప్పుడు కెంకు ఎఫ్ఎం అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ద్వారా సంగీతాన్ని వేరే ధారగా పంపుతున్నాను, తనకు ఎంత వినబడాలో ఆయనే తగ్గించుకుంటాడు. ఫైళ్లన్నీ ముందే దించుకుని ఉంచుతాను, సబ్బు ప్రకటన నేర్పిన పాఠం అది. అంతా కలిపితే నా దగ్గర పదకొండు ఫైళ్లే ఉన్నాయి, ఒకప్పుడు నాలుగు వందలుండేవి.

బుర్రకథ చూసినవారికి ఇదంతా కొత్తగా ఉండదు. కథకుడు వచనం ఎత్తుకున్నప్పుడు వంతల డక్కీలు వెనక్కి తగ్గుతాయి, అవసరమైన చోట ఒక్క దెబ్బ పడుతుంది, మళ్లీ పాట రాగానే ముందుకొస్తాయి. అక్కడ ధ్వనిని నడిపేవాడు మాటను వింటూ నడుపుతాడు. ప్లేలిస్టు మాటను వినదు. ఏ ఫైలూ చేయలేని పని కూడా అదే.

పడవవాడి విషయం చెప్పి ఆపుతాను. అతను బతికి ఉన్న రోజుల్లో కథలో ప్రవేశించినప్పుడల్లా నేను హైలెస్సా అని సన్నగా కూనిరాగం తీసేవాణ్ణి, అతనికంటూ వేరే సంగీతం ఉండేది కాదు. చనిపోయిన ఎనిమిది నెలల తరవాత, దిగువన ఒక చోట అతని ఖాళీ పడవ రెల్లు పొదల్లో చిక్కుకుని ఆటగాళ్లకు కనబడింది. నేను వర్ణించి ఊరుకున్నాను, సంగీతం కోసం చేయి కూడా చాపలేదు. దొంగ పాత్ర ఆడే మిత్రుడు కాసేపు ఆగి, డైస్‌తో బల్ల మీద తెడ్డు వేస్తున్న లయ కొట్టి, హైలెస్సా అన్నాడు. గదిలో ఉన్నవాళ్లం అందుకున్నాం. డాలస్ గొంతు నెట్‌వర్క్ జాప్యం వల్ల అర సెకను వెనుకగా, అవతలి ఒడ్డు నుంచి పలుకుతున్నట్టు వచ్చింది. మే నెల కాబట్టి రికార్డింగు నిండా కూలర్ చప్పుడు కూడా ఉంది.